ఓటరు జాబితాలో ఆమె పేరు

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)

భారతదేశంలో స్త్రీలకు ఓటు హక్కు పోరాడకుండానే దక్కిందనీ, ఇంగ్లండు స్త్రీలు జైళ్లకు వెళ్లి, నిరాహార దీక్షలు చేసి దశాబ్దాల తరబడి శ్రమించి సాధించుకున్నదాన్ని ఇక్కడి రాజ్యాంగం ఒక్క కలంపోటుతో ప్రసాదించిందనీ పాఠ్యపుస్తకాలలోనూ వేదికల మీదా తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. రాజ్యాంగంలోని 326వ అధికరణం సార్వత్రిక వయోజన ఓటు హక్కును, అంటే ఆస్తి, చదువు, కులం, మతం, స్త్రీపురుష భేదం వంటి షరతులేవీ లేకుండా నిర్ణీత వయసు నిండిన ప్రతి పౌరుడికీ పౌరురాలికీ చెందే ఓటును, గణతంత్రం తొలినాడే అంగీకరించింది. ఆనాటికి స్విట్జర్లాండ్ స్త్రీలకు జాతీయ ఎన్నికలలో ఓటు లేదు, వారు అందుకోసం 1971 దాకా ఆగవలసి వచ్చింది. అయితే హక్కు ప్రసాదంగా దొరికిందనుకున్నప్పుడు ఇచ్చినవారే కళ్లకు కనబడతారు, తెచ్చినవారు మరుగున పడతారు. ఈ ఉపన్యాసం ఆ తెచ్చినవారిని గురించి, ఓటుకు ఎంతో ముందుగానే గడప దాటిన స్త్రీల సాహసానికీ ఓటుకూ ఉన్న సంబంధాన్ని గురించి.

తెలుగునాట ఈ కథ శాసనసభలో మొదలు కాలేదు, పుస్తకాలతోనూ సమాజాలతోనూ మొదలైంది. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు; తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుండగా ఆయన ప్రోత్సాహంతో ఇంట్లోనే తెలుగు, హిందీ, మరాఠీ భాషలు నేర్చుకుని, దేశ చరిత్రలోని ధీరలైన, విదుషీమణులైన స్త్రీల జీవితాలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించారు. స్త్రీలు స్వభావ రీత్యా అశక్తులనీ, చదివితే చెడిపోతారనీ సాగుతున్న వాదాలకు ఆమె వాదంతో కాక ఉదాహరణలతో జవాబు చెప్పదలచారు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించి, ఊరూరా తిరిగి అటువంటి సమాజాలను ప్రోత్సహించారు. ఈ సమాజాలలో ఓటు ప్రసక్తి లేదు. ఉన్నది ఉపన్యాసం, పఠనం, సభా నిర్వహణ. కానీ నలుగురు స్త్రీలు ఒకచోట కూడి, అధ్యక్షురాలిని ఎన్నుకుని, తీర్మానం ప్రవేశపెట్టి, చేతులెత్తి ఆమోదించడం అలవాటైన తరువాతనే ఆ పని దేశం మొత్తానికి ఎందుకు వర్తించకూడదన్న ప్రశ్న పుట్టడానికి ఆస్కారం ఏర్పడింది. పిన్న వయసులోనే కన్నుమూసిన ఈ రచయిత్రికి ఓటు చరిత్రలో చోటు ఇవ్వని గ్రంథాలే ఎక్కువ. అది ఆ గ్రంథాల లోపం.

ఓటు అన్న కోరిక బహిరంగంగా వెలువడినది 1917లో, మద్రాసులో. ఆ ఏడాది మే నెలలో అడయారులో అనీ బిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస మొదలైనవారు భారత మహిళా సంఘాన్ని స్థాపించారు. రాజకీయ సంస్కరణలను పరిశీలించడానికి భారత వ్యవహారాల మంత్రి మాంటేగు వచ్చినప్పుడు, డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధి వర్గం ఆయననూ వైస్రాయి ఛెమ్స్‌ఫర్డునూ కలిసి, ప్రజలకు ఇవ్వబోయే ఓటులో స్త్రీలను కూడా ప్రజలుగా లెక్కించవలసిందని కోరింది. హైదరాబాదులో పెరిగిన సరోజిని అప్పటికే కవయిత్రిగా ఇంగ్లండులో పేరున్న వ్యక్తి కావడం వల్ల ఆ వర్గాన్ని తేలికగా తోసిపుచ్చడం పాలకులకు సాధ్యపడలేదు. తోసిపుచ్చనైతే లేదు గాని, పక్కన పెట్టారు. ఓటర్ల అర్హతలను నిర్ణయించడానికి నియమించిన సౌత్‌బరో కమిటీ, దేశంలోని సాంఘిక పరిస్థితులు అందుకు ఇంకా పక్వం కాలేదని తేల్చింది. పరదా పాటించే స్త్రీలు పోలింగు చోటికి ఎలా వస్తారన్న ఆక్షేపణ అప్పుడు పదేపదే వినబడింది. స్త్రీలను గదిలో ఉంచిన ఆచారాన్నే స్త్రీలు గదిలో ఉండడానికి హేతువుగా చూపే తర్కం అది. సరోజిని, అనీ బిసెంట్, బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠాన్ 1919లో లండన్ దాకా వెళ్లి పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు వాదించవలసి వచ్చింది. పార్లమెంటు తాను నిర్ణయం చేయక, కావాలనుకుంటే ఆయా రాష్ట్రాల శాసనమండళ్లే స్త్రీలపై ఉన్న నిషేధాన్ని తొలగించుకోవచ్చునని 1919 చట్టంలో వదిలివేసింది.

బ్రిటిషు పాలనలోని రాష్ట్రాలలో ఆ పని మొదట చేసినది మద్రాసు శాసనమండలి. 1921 ఏప్రిల్ 1న అది స్త్రీల ఓటు తీర్మానాన్ని ఆమోదించింది. బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగమే కనుక ఈ ఘట్టం తెలుగువారిదిగా కూడా చెప్పుకోదగినది. బొంబాయి కొన్ని నెలల తరువాత అదే బాట పట్టగా, బెంగాలు మండలి అదే ఏడాది తీర్మానాన్ని తిరస్కరించి 1925 వరకూ జాప్యం చేసింది.

ఇక్కడ ఒక విశేషాన్ని కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉంది. 1921 తీర్మానం తొలగించినది లింగ నిషేధాన్నే తప్ప ఆస్తి షరతును కాదు. ఓటు కావాలంటే పల్లెలో తన పేరున భూమి పట్టా ఉండాలి, పట్టణంలో తన పేరున పన్ను చెల్లిస్తూ ఉండాలి. పట్టా అంటే సర్కారు లెక్కలో భూమికి శిస్తు కట్టే బాధ్యత ఫలానావారిదని తెలిపే పత్రం. అది మామూలుగా ఇంటి పెద్ద పేరున, అంటే మగవాని పేరున ఉంటుంది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి ఉన్న కొద్దిమందిని మినహాయిస్తే, స్త్రీ పేరు పట్టాలోకి ఎక్కేది భర్త పోయిన తరువాత, పంచుకోవలసిన మగ దాయాదులు లేనప్పుడు. ఆ విధంగా తెలుగు పల్లెలో ఓటరు జాబితాకెక్కిన తొలి స్త్రీలలో, శుభకార్యాలకు ఎదురు రాకూడదని లోకం పక్కన నిలబెట్టిన వితంతువుకు, పదిమంది సంతానంతో, నిండు సంసారంతో ఉన్న ముత్తయిదువకు లేని చోటు లభించింది. చట్టం దీన్ని తలచి చేయలేదు. ఆస్తిని మనిషి కంటే ముందు చూసే చట్టం చేతిలో అనుకోకుండా జరిగిన పని ఇది. మద్రాసు రాష్ట్రంలోని వయోజన స్త్రీలలో ఈ విధంగా ఓటు దక్కినవారు ఇంచుమించు నూటికి ఒక్కరు.

వితంతువుల ప్రస్తావన వచ్చినప్పుడు దువ్వూరి సుబ్బమ్మను తలచుకోకుండా ముందుకు సాగడం కుదరదు. ద్రాక్షారామంలో జన్మించి, చిన్ననాడే భర్తను కోల్పోయిన ఈమె, సహాయ నిరాకరణోద్యమంలో గోదావరి జిల్లా పల్లెలు తిరిగి రాట్నాన్ని, ఖద్దరును ప్రచారం చేసి, 1922లో శిక్ష పొంది రాజమండ్రి జైలుకు వెళ్లారు. తెలుగునాట రాజకీయ కారణంగా జైలుకు వెళ్లిన తొలి స్త్రీగా ఆమెను చెప్పుకుంటారు. 'దేశబాంధవి' అన్న బిరుదు ఆమె పేరుకు ముందు స్థిరపడిపోయింది. తెల్లచీరతో వంటింటి మూలకు పరిమితం కావలసిన స్త్రీ వేదికనెక్కి దొరతనాన్ని ధిక్కరించినప్పుడు, స్త్రీకి రాజకీయాలు అర్థం కావన్న వాదానికి ఆ సభలో కూర్చున్న వేలమంది కళ్ల ఎదుటే విలువ తరిగిపోయింది.

మండలిలో తీర్మానం నెగ్గిన 1921 ఏప్రిల్ మొదటి వారంలోనే బెజవాడ కాంగ్రెసు సమావేశం ముగించుకున్న గాంధీ తెలుగు జిల్లాలలో పర్యటిస్తూ కాకినాడకు చేరారు. పన్నెండో ఏట ఉన్న దుర్గాబాయి అక్కడి దేవదాసీలను, అంటే దేవాలయ సేవకు అంకితం చేసే ఆచారం పేరిట వివాహానికీ మర్యాదకూ దూరం చేయబడిన స్త్రీలను, బురఖా పాటించే ముస్లిం స్త్రీలతో పాటు ఆయన ముందుకు తీసుకురావాలని సంకల్పించింది. ఆయన సమయం కావాలంటే అయిదు వేల రూపాయల నిధి ఇవ్వాలని నిర్వాహకులు అడిగారు. పిల్లను వదిలించుకోవడానికే ఆ మాట అని ఉంటారని ఊహించవచ్చు. ఆ సొమ్మును దేవదాసీలే సమకూర్చారు. గాంధీ వచ్చి అనుకున్నదానికంటే ఎక్కువ సేపు మాట్లాడగా, ఆ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించినది ఆ బాలికే. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. రెండేళ్ల తరువాత కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భంగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను ఆమె ఆపివేసిన సంగతినే జనం ఎక్కువగా చెప్పుకుంటారు. అది వినసొంపైన కథే గాని, ఆమె వ్యక్తిత్వం మొదటి ఘటనలోనే మరింత స్పష్టంగా కనబడుతుంది. ఏ జాబితాలోకీ ఎక్కని స్త్రీలను వెతికి పట్టుకుని, వారిని సభలో కూర్చోబెట్టడం ఆమె జీవితమంతా చేసిన పని.

ఎనిమిదేళ్ల వయసులో జరిగిన పెళ్లిని ఊహ తెలిసిన తరువాత నిరాకరించడం, కాకినాడలో బాలికల కోసం హిందీ పాఠశాల నడపడం, 1930లో మద్రాసు ఉప్పు సత్యాగ్రహంలో ముందుండి వేలూరు, మదురై జైళ్లలో ఏకాంత నిర్బంధం దాకా అనుభవించడం, విడుదలయ్యాక ఆగిన చదువును మెట్రిక్యులేషను నుంచి పట్టుకుని బి.ఏ. ఆనర్సు, న్యాయశాస్త్రం దాకా పూర్తిచేయడం, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పడం ఇవన్నీ ఆమె జీవిత చరిత్రలలో విస్తరంగా ఉన్నవే. వాల్తేరులోని విశ్వవిద్యాలయంలో స్త్రీలకు వసతి గృహం లేదన్న కారణం అడ్డు వచ్చినప్పుడు, చదవాలనుకున్న మరికొందరు అమ్మాయిలను కూడగట్టి తామే వసతి ఏర్పాటు చేసుకోవడం మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పరదా స్త్రీలు పోలింగు చోటికి ఎలా వస్తారని ఆక్షేపించిన కమిటీకీ, వసతి లేదు కనుక చదువు లేదన్న పద్ధతికీ ఉన్న పోలిక ఎవరికైనా తడుతుంది. రెండింటికీ ఆ తరం స్త్రీలు ఇచ్చిన జవాబు ఒక్కటే: లేని ఏర్పాటును ముందుగా తామే చేసి చూపడం.

మధ్యలో 1935 చట్టం మరొక విచిత్రం చేసింది. స్త్రీ ఓటర్ల సంఖ్య పెంచడానికి ఆస్తి గల పురుషుల భార్యలకూ వితంతువులకూ, అక్షరాస్యులైన స్త్రీలకూ ఓటు ఇచ్చింది. 1921లో భర్త లేకపోవడం వల్ల వచ్చిన ఓటు ఇప్పుడు భర్త ఉండడం వల్ల వచ్చింది. అఖిల భారత మహిళా సభ వంటి సంస్థలు ఈ భార్యాత్వపు అర్హతను వ్యతిరేకించి, వయోజనులందరికీ ఓటు తప్ప మరేదీ తమకు సమ్మతం కాదన్నాయి. ఏమైనా ఆ చట్టం కింద జరిగిన 1937 ఎన్నికలలో స్త్రీ ఓటర్లు లక్షల సంఖ్యలో పాల్గొన్నారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన రుక్మిణీ లక్ష్మీపతి మద్రాసు శాసనసభకు ఉపసభాపతి అయ్యారు, 1946లో ఆరోగ్య మంత్రి కూడా అయ్యారు. 

రాజ్యాంగ సభలో ఉన్న పదిహేనుమంది స్త్రీలలో దుర్గాబాయి ఒకరు. సవరణలు ప్రతిపాదించడంలోనూ చర్చలో నిలబడడంలోనూ ఆమె అలుపెరుగనివారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30కి తగ్గించాలన్న సవరణ ఆమెదే. స్త్రీలకు ప్రత్యేక స్థానాలు కేటాయించడాన్ని మాత్రం ఆనాటి స్త్రీ సభ్యులు ఎక్కువగా కోరుకోలేదు. సమాన హక్కు చేతికందితే మిగిలినది దానంతట అదే వస్తుందన్నది వారి విశ్వాసం. ఆ విశ్వాసం అతి ఉదారమైనదని తరువాతి డెబ్బయి ఏళ్లు రుజువు చేశాయి. దుర్గాబాయి అంతటి వ్యక్తి 1952 లోక్‌సభ ఎన్నికలలో ఓడిపోయారు. 2024లో ఎన్నికైన 543 మంది లోక్‌సభ సభ్యులలో స్త్రీలు 74 మంది. మూడింట ఒక వంతు స్థానాలను కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023లో వచ్చింది గాని, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అనే షరతులతో వచ్చింది.

చట్టం రాసినంత మాత్రాన ఓటు చేతికి రాదు. మధ్యలో ఓటరు జాబితా ఉంది. ఎన్నికల పత్రాలన్నింటిలోకీ ఆకర్షణ లేని ఈ పత్రంలోనే స్త్రీల ఓటు కథ మలుపు తిరిగింది. తొలి సాధారణ ఎన్నికలకు 17 కోట్లకు పైగా ఓటర్లతో జాబితాలు తయారవుతుండగా, ఉత్తరాది రాష్ట్రాలలో పెద్ద సంఖ్యలో స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడక, ఫలానావారి భార్య అనో ఫలానావారి తల్లి అనో మాత్రమే రాయించుకున్నారు. అలా నమోదైన పద్దులను అంగీకరించాలా వద్దా అన్న ప్రశ్న తొలి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ముందుకు వచ్చింది. సొంత పేరు చెబితేనే ఓటరుగా నమోదు చేయాలని ఆయన నిర్ణయించి, బీహారుకు ఒక నెల అదనపు గడువు కూడా ఇచ్చి, అప్పటికీ పేరు తెలియని సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితాల నుంచి తొలగించారు. ఆ తొలగింపు కఠినంగా కనబడుతుంది, ఒక ఎన్నికలో అంతమంది ఓటు పోవడం చిన్న నష్టం కాదు. అయినా అదే సరైన నిర్ణయమని చెప్పక తప్పదు, ఎందుకంటే మరొకరి భార్యగా నమోదైన ఓటు 1935 నాటి ఓటే అవుతుంది. తరువాతి ఎన్నికల నాటికి ఆ స్త్రీలలో అత్యధికులు తమ పేర్లతో జాబితాకెక్కారు.

తెలుగు జిల్లాలలో చిక్కు మరో రూపంలో ఉండేది. స్త్రీ తన పేరు చెబుతుంది గాని భర్త పేరు నోటితో పలకదు. 'మా ఇంటాయన' అంటుంది, 'పిల్లల నాన్న' అంటుంది. భర్త పేరు అడిగే గడి ఎదురైనప్పుడు ఆ పేరును పిల్లల చేతో పక్కింటివారి చేతో చెప్పించడం ఆనాటి రివాజు. తండ్రి పేరో భర్త పేరో అడిగే ఆ గడిని దాటి, తన పేరును తానే చెప్పుకున్న నిరక్షరాస్య స్త్రీ చేసిన పనిని సాహసమని ఎవరూ రాయలేదు. ఎన్నికల నాడు ఆమె పేరు పిలవగా ముందుకు వచ్చి, వేలి మీద సిరా పెట్టించుకుని, తెర వెనుక వరుసగా ఉన్న పెట్టెలలో తనకు నచ్చిన గుర్తు అంటించిన పెట్టెను చూసుకుని కాగితం వేసింది. ఆ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. కాగితం మీద గీయవలసినదేమీ లేదు, కనుక చదువు రానితనం అడ్డు కాలేదు. తెర అవతల ఏ పెట్టెలో వేసిందో మొగుడికీ మామగారికీ తెలియదు. ఇంటి పనిలో గాని ఊరి పనిలో గాని అంతకు ముందు ఆమెకు అటువంటి ఏకాంతం దొరికి ఉండదు.

తెలంగాణలో ఆ ఎన్నికలు మరింత అసాధారణమైన స్థితిలో జరిగాయి. నిజాము పాలనలో సామాన్యులు ఓటనేదే ఎరుగని ఆ ప్రాంతంలో 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ జరగగా, కొద్ది నెలలకే పోలింగు వచ్చింది. తుపాకీ పట్టి దళాలలో తిరిగిన స్త్రీలలో పలువురిని ఉద్యమం ఇంటికి పంపివేసిందనీ, ఇల్లు వారిని అనుమానంగా చూసిందనీ 1986లో స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లోని జ్ఞాపకాలు చెబుతాయి. ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి శాసనసభకు వెళ్లారు. తన తల మీద పదివేల రూపాయల వెల కట్టిన ప్రభుత్వాన్ని ఎదిరించిన మల్లు స్వరాజ్యం 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి ఎన్నికయ్యారు. అందరికీ ఆ దారి దొరకలేదు. కొందరు తుపాకీ దించిన చేతితోనే మళ్లీ చేట పట్టుకున్నారు.

ఓటును స్త్రీలు తమ సొంత అవసరానికి వాడుకున్న ఘట్టం తెలుగునాట ఏదని అడిగితే 1992 నాటి దూబగుంటను చూపాలి. నెల్లూరు జిల్లాలోని ఆ ఊరిలో వయోజన విద్యా తరగతులకు వచ్చిన కూలి స్త్రీలు వాచకంలో సారా వల్ల చితికిన కుటుంబాన్ని గురించిన సీతమ్మ కథ చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తించి, రోసమ్మ వంటివారు ముందు నిలవగా సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది, సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధ వాగ్దానంతో గెలిచి, ప్రమాణ స్వీకార వేదిక మీదనే ఆ దస్త్రంపై సంతకం చేశారు. మూడేళ్లు గడవకుండానే, 1997లో, ఆదాయం కారణం చూపి ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. ఓటు వేసినవారిని ఈ సడలింపు ముందు ఎవరూ సంప్రదించలేదు.

1962 లోక్‌సభ ఎన్నికలలో పురుషులలో నూటికి 63 మంది ఓటు వేయగా స్త్రీలలో 47 మంది వేశారు. 2019 నాటికి స్త్రీల శాతం పురుషుల శాతాన్ని స్వల్పంగా దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో నేడు స్త్రీ ఓటర్ల సంఖ్యే ఎక్కువ. పార్టీలు ఈ లెక్కను గ్రహించి పథకాలకు స్త్రీల పేర్లు పెడుతున్నాయి గాని, అభ్యర్థుల జాబితా దగ్గరికి వచ్చేసరికి పాత పద్ధతినే పాటిస్తున్నాయి.

దుర్గాబాయి వంటివారికి విగ్రహాలూ స్మారక సభలూ ఉన్నాయి. 1951లో పేరు చెప్పిన స్త్రీలకు మిగిలినది ఆ ఓటరు జాబితా ఒక్కటే. బడి రిజిస్టరులో గాని, పట్టాలో గాని, శుభలేఖలో గాని అచ్చుకాని ఎందరో స్త్రీల పేర్లు వారి జీవితంలో మొదటిసారి అచ్చయినది అందులోనే అయి ఉంటుంది. ఆనాడు ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఓటు వేసినవారు నేడు తొంభై దాటి ఉంటారు. అటువంటివారు కొందరైనా ఇంకా మిగిలి ఉండవచ్చు. చరిత్ర శాఖలలో పరిశోధన చేస్తున్న విద్యార్థులు తమ ఊరి తొలి జాబితా ఎక్కడ లభించినా దానిని సంపాదించి, అందులోని స్త్రీల పేర్లను ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తూ ఈ వృద్ధులను అడగవలసినవి చాలా ఉన్నాయి: పోలింగుకు ఎవరితో కలిసి నడిచి వెళ్లారు, ఎవరు వద్దన్నారు, పేరు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తాకు జవాబు చెప్పినది ఎవరు, ఏ పెట్టెలో వేశారు, ఆ సంగతి ఇంట్లో చెప్పారా లేదా.